జత మందుల కీమో: ఇంటి దగ్గర అది చెడకుండా చూసుకోవడం ఎలా

పోయిన ఎండాకాలంలో పొదిలి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక రైతు ఒంగోలులోని మా మందుల దుకాణంలో చేతిసంచిని బల్ల మీద బోర్లించి, "ఏందన్నా, ఇయ్యన్నీ ఒక్క జబ్బుకేనా? ఏది ముందు, ఏది ఎనక మింగించాలో రాసియ్యన్నా" అని అడిగారు. ఆయన భార్యకు పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగింది. తర్వాత చెన్నైలో కీమో మొదలుపెట్టి, మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ అనే మందును నరంలోకి చుక్కలుగా ఎక్కించి, ఇంటి దగ్గర 14 రోజులు మింగడానికి కాపెసిటబిన్ మాత్రలు ఇచ్చి పంపించారు. సంచిలో ఆ మాత్రలు, వాంతులు ఆపే ఒండాన్‌సెట్రాన్ ఉన్నాయి. వాటితోపాటు ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు నీరసానికి ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు, నడుంనొప్పికి డైక్లోఫెనాక్, బంధువులెవరో తెచ్చిన పేరు లేని పొడి పొట్లం కూడా ఉన్నాయి. నేను వాటన్నిటినీ రెండు కుప్పలుగా విడదీశాను. మొదటిది క్యాన్సర్ డాక్టరు ఆలోచించి కూర్చిన జత, రెండోది దారిలో వచ్చి చేరినవి.

ఆ రెండో కుప్పలో నన్ను ఎక్కువగా భయపెట్టింది పసిపిల్లల తల్లులకు కూడా ఇచ్చే ఫోలిక్ యాసిడే. కారణం కొంత ముందుకు వెళ్లాక చెబుతాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి కీమో కోసం చెన్నైకో, వేలూరుకో, తిరుపతికో, గుంటూరుకో వెళ్లేవారు అక్కడ ఉండేది ఒకటి రెండు రోజులు మాత్రమే, మిగిలిన రోజులన్నీ ఇంట్లోనే గడుస్తాయి. ఏ మందుకు ఏ మందు జతచేయాలో నిర్ణయించేది డాక్టరే. ఆ జతను ఇంటి దగ్గర చెదరకుండా కాపాడవలసింది మాత్రం ఇంటివాళ్లు. ఎందుకు జతచేశారో తెలిస్తే ఎలా కాపాడాలో సగం తెలిసినట్టే కనుక, ముందు ఆ సంగతి చెబుతాను.

ఎందుకు జతచేస్తారు

ఈ కథ మన తెలుగువారి దగ్గరే మొదలవుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలో, ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ వంటి మందులను తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి మెరుగైందని 1948లో ప్రకటించారు. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. అయితే ఆ మెరుగు నిలవలేదు. కొద్ది నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది, అదే మందు మళ్లీ ఇస్తే లొంగలేదు. సుబ్బారావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

లొంగకపోవడానికి కారణం లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. ఒక గ్రాము బరువున్న క్యాన్సర్ గడ్డలో సుమారు 100 కోట్ల కణాలు ఉంటాయని సాధారణంగా చెబుతారు. వాటిలో 10 లక్షలకు ఒకటి చొప్పున ఏదో ఒక జన్యుమార్పు వల్ల ఒక మందుకు లొంగని కణం ఉంటుందనుకుందాం. అప్పుడు మందు మొదలుపెట్టక ముందే ఆ గడ్డలో 1000 మొండి కణాలు కూర్చుని ఉంటాయి. మందు మిగిలినవాటిని చంపుతుంది, గడ్డ కరుగుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు, ఆ 1000 కణాలు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. పూర్తిగా వేరే దారిలో పనిచేసే రెండో మందును మొదటి రోజు నుంచే కలిపితే, రెండింటికీ ఒకేసారి లొంగని కణం లక్ష కోట్లలో ఒకటి ఉండాలి, అంత చిన్న గడ్డలో అది దొరకడమే అరుదు. మిరప చేలో ఒకే మందు కొడుతూ పోతే పురుగు ఎలా మొండికేస్తుందో చూసిన రైతుకు ఈ లెక్క నేను రెండోసారి చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. క్షయ రోగానికి తొలి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇవ్వడం వెనుక ఉన్నదీ ఇదే కారణం.

1960ల ఆరంభంలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే డాక్టర్లు నాలుగు మందులను కలిపి రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. అవి విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. ఆ మెథోట్రెక్సేట్ సుబ్బారావుగారి బృందం పని నుంచి పుట్టిందే. ఆ దారినే మెరుగుపరుస్తూ వచ్చినందువల్ల, మంచి వైద్య సౌకర్యాలున్న చోట ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో 10 మందికి 9 మంది దాకా ఇవాళ బతుకుతున్నారు.

మందులను ఎలా పడితే అలా కలపరు. ప్రతి మందూ ఒంటరిగా ఇచ్చినా ఆ జబ్బు మీద కొంతైనా పనిచేసేదై ఉండాలి. ఒక్కొక్కటి కణాన్ని ఒక్కో చోట దెబ్బతీయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వీలైనంతవరకు అవన్నీ ఒకే అవయవాన్ని పాడుచేసేవి కాకూడదు. లింఫు గ్రంథుల క్యాన్సరైన లింఫోమాకు ఇచ్చే జతలో సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్ ఎముక మజ్జను దెబ్బతీస్తాయి, విన్‌క్రిస్టిన్ మజ్జను చాలావరకు వదిలిపెట్టి నరాల మీద పడుతుంది, ప్రెడ్నిసలోన్ షుగరును పెంచుతుంది. బరువంతా ఒక్కచోటే పడదు కనుక ప్రతి మందునూ తగినంత డోసులో ఇవ్వగలుగుతారు. ఈ సూత్రం తప్పితే ఏమవుతుందో రొమ్ము క్యాన్సర్ చికిత్సలో తెలిసివచ్చింది. ట్రాస్టుజుమాబ్‌ను డాక్సోరూబిసిన్ జాతి మందుతో కలిపి ఒకేసారి ఇచ్చినప్పుడు జబ్బు బాగా తగ్గినా, నలుగురిలో ఒకరికి పైగా గుండె బలహీనపడింది. అందుకే ఇప్పుడు సాధారణంగా ఆ రెండింటినీ కలిపి కాకుండా ఒకదాని తర్వాత మరొకటి ఇస్తారు. ఎక్కించే వరుసకు కూడా కారణం ఉంటుంది. పాక్లిటాక్సెల్ ముందు, సిస్‌ప్లాటిన్ తర్వాత ఎక్కిస్తారు. అది తారుమారైతే పాక్లిటాక్సెల్ ఒంట్లోంచి త్వరగా పోక, రక్తకణాలు మరీ ఎక్కువగా పడిపోతాయి.

ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ సంగతి. కాపెసిటబిన్ శరీరంలోకి వెళ్లాక ఫ్లోరోయూరసిల్‌గా మారి, కణం డీఎన్ఏ తయారుచేసుకోవడానికి కావలసిన ఒక ఎంజైమును పట్టి బంధిస్తుంది. ఫోలిక్ యాసిడ్ నుంచి ఒంట్లో తయారయ్యే ఫోలేట్ ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. ఈ గుణాన్నే వాడుకుని, ఫ్లోరోయూరసిల్‌ను సెలైన్‌లో ఎక్కించేటప్పుడు దానికి ముందో, దానితోపాటో ల్యూకోవోరిన్ అనే ఫోలేట్‌ను డాక్టర్లు కావాలనే, లెక్క ప్రకారం ఇస్తారు. లెక్క లేకుండా ఇంట్లో మింగిన ఫోలిక్ యాసిడ్ ఆ పట్టును మంచి కణాల మీద కూడా బిగించి, విరేచనాలను, నోటిపూతను ప్రమాదకరం చేయగలదు. విచిత్రమేమిటంటే, మెథోట్రెక్సేట్‌ను పెద్ద డోసులో ఇచ్చినప్పుడు అదే ల్యూకోవోరిన్‌ను 24 గంటల తర్వాత విరుగుడుగా ఇచ్చి మనిషిని కాపాడతారు. ఒకచోట పదును పెట్టేది మరోచోట విరుగుడు అవుతుంది కాబట్టి, "బలం బిళ్ళే కదా" అనుకుని ఏదీ చేర్చకూడదు.

మొదటి సైకిల్‌కు ముందు చేయవలసిన పనులు

మందులు తీసుకునే రోజులు, ఆ తర్వాతి ఖాళీ రోజులు కలిసిన ఒక విడతను సైకిల్ అంటారు. ఒక పెద్ద నోటుబుక్కు కొని, మొదటి పేజీలో క్యాన్సర్ ఏ అవయవంలో ఉంది, ఏ దశలో ఉంది, జతకు డాక్టరు చెప్పిన పేరేమిటి అన్నవి రాయించుకోండి. రెండో పేజీలో ఒక్కో మందుకు ఒక్కో వరుస కేటాయించి, మందు పేరు, డోసు, ఏ రోజున ఎక్కిస్తారు లేదా మింగాలి, అది ఏ అవయవాన్ని ఇబ్బంది పెడుతుంది అనే నాలుగు విషయాలు రాయండి. పొదిలి రైతుకు నేను రాసిచ్చిన వరుస ఇలా ఉంది: "కాపెసిటబిన్ – ఉదయం 3, రాత్రి 3 – అన్నం తిన్న అరగంట లోపు – 1వ రోజు నుంచి 14వ రోజు దాకా, తర్వాత 7 రోజులు ఖాళీ – అరచేతులు, అరికాళ్లు, నోరు, కడుపు చూసుకోవాలి." ఆ 3 అనే అంకె ఆవిడ ఎత్తు, బరువులను బట్టి కట్టినది. మరొకరికి అది చెల్లదు. బరువు బాగా తగ్గితే డోసు మళ్లీ లెక్కకట్టవలసి రావచ్చు కనుక, ప్రతి సైకిల్‌కు బరువు కూడా రాయాలి.

మూడో పేజీలో ఇదివరకే మింగుతున్న ప్రతిదాన్నీ దాచకుండా రాయండి. బీపీ, షుగరు, ఫిట్స్, గుండె మందులు, ఆయుర్వేదం, నాటు మందు, ప్రోటీన్ పొడి ఏదైనా సరే. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మీద ఉన్న మనిషికి కాపెసిటబిన్ కలిస్తే రక్తస్రావం ప్రాణం మీదికి తేగలదు. గౌట్ అనే కీళ్లవాపు జబ్బుకు వాడే అల్లోప్యూరినాల్, పిల్లల రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్‌ను ఒంట్లోంచి పోనివ్వకుండా ఆపుతుంది, కనుక రెండూ తప్పనిసరైతే మెర్కాప్టోప్యూరిన్ డోసును డాక్టరు నాలుగో వంతుకో, మూడో వంతుకో తగ్గిస్తారు. తామరకు, ఫంగస్‌కు మన ఊళ్లలో విచ్చలవిడిగా వాడే ఇట్రాకొనజోల్ విన్‌క్రిస్టిన్‌తో కలిస్తే కాళ్లు పడిపోయేంతగా నరాలు దెబ్బతినవచ్చు. ఇవేవీ క్యాన్సర్ డాక్టరుకు మన ముఖం చూసి తెలియవు.

కొన్ని పరీక్షలు ఎందుకు చేయిస్తారో తెలిస్తే డబ్బు గుంజడానికేమో అన్న అనుమానం పోతుంది. డాక్సోరూబిసిన్‌కు ముందు గుండె ఎకో, సిస్‌ప్లాటిన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్, లింఫోమాకు ఇచ్చే రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి. ఎప్పుడో సోకి నిద్రాణంగా ఉన్న హెపటైటిస్ బి, రిటుక్సిమాబ్ వల్ల లేచి కాలేయాన్ని చెడగొట్టగలదు. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స చేయించుకునేవారు, రాసిచ్చిన జతలోని మందులన్నీ పథకంలోకి వస్తున్నాయా లేదా అన్నది మొదటి రోజే ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. మూడో సైకిల్‌లో డబ్బు చాలక ఒక మందును వదిలేయడం కంటే, మొదట్లోనే డాక్టరుకు చెప్పి భరించగలిగిన జతను ఎంచుకోవడం ఎంతో మేలు.

ఇంటికి వచ్చాక

కీమో ఎక్కించిన 7వ రోజు నుంచి 14వ రోజు దాకా సాధారణంగా రక్తంలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు అడుగంటుతాయి. దాన్నే మనవాళ్లు "కౌంటు పడిపోయింది" అంటారు. ఆ రోజుల్లో ఇంట్లో థర్మామీటరు తప్పనిసరి. జ్వరం 100.4 డిగ్రీలు చూపించిందంటే అది అర్ధరాత్రి అయినా సరే, పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకుండా, యాంటీబయాటిక్ ఇంజక్షన్ మొదలుపెట్టగల ఆసుపత్రికి వెళ్లాలి. ఉదయగిరి, కనిగిరి, మర్రిపాడు వంటి చోట్ల నుంచి నెల్లూరుకో ఒంగోలుకో చేరడానికి పట్టే సమయాన్ని దృష్టిలో ఉంచుకుని, ఆ వారం రాత్రిపూట పిలిస్తే వచ్చే బండిని, డ్రైవరు ఫోను నంబరును ముందే ఏర్పాటు చేసుకోండి. మా దుకాణానికి ఉదయం తెరిచేసరికే వచ్చి, "రాత్రంతా వణికింది, ఒక జ్వరం బిళ్ళ ఇవ్వు" అని అడిగిన కొడుకులను నేను చూశాను. బిళ్ళ ఇవ్వకుండా ఆటో ఎక్కించి పంపించడమే నేను వాళ్లకు చేయగలిగిన మేలు.

కౌంటు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజక్షన్‌ను కీమో ముగిసి 24 గంటలు గడవకముందు వేయకూడదు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. ఎండాకాలంలో చెన్నై నుంచి రైల్లో తెచ్చేటప్పుడు ఐస్ డబ్బాలో పెట్టండి, అయితే ఐస్‌కు, ఇంజక్షన్ పెట్టెకు మధ్య ఒక తువ్వాలు మడిచి అడ్డం పెట్టాలి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలోనూ, ఫ్రీజర్‌లోనూ కాకుండా మధ్య అరలో ఉంచాలి.

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించుకున్నవారికి సుమారు ఐదు రోజులు చల్లటి వస్తువేదీ ఇవ్వకూడదు. చెన్నై నుంచి మిట్టమధ్యాహ్నం దిగిన మనిషికి ఫ్రిజ్ నీళ్లు ఇవ్వడం మన మర్యాద. అయితే ఆ నీళ్లు గొంతులో దిగగానే ఊపిరి ఆగిపోతున్నట్టు అనిపించి హడలిపోతారు. ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి, ఐసు సోడా, చల్లబెట్టిన తాటిముంజలు ఆ వారం వద్దు. సిస్‌ప్లాటిన్ వాళ్ల సంగతి వేరు. వాళ్లకు మూత్రపిండాలే గండం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు "కరెంటు" (రేడియేషన్) పెడుతూ వారం వారం ఈ మందు ఇస్తారు. రోహిణి కార్తె ఎండల్లో నీళ్లు చాలక ఒళ్లు ఎండిపోతే, మూత్రపిండం దెబ్బతిని తర్వాతి డోసు ఆగిపోతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు రోజూ మింగే అలవాటు చాలామందికి ఉంది. ఆ అలవాటును సిస్‌ప్లాటిన్ మొదలుకాక ముందే డాక్టరుకు చెప్పి మాన్పించాలి.

మింగే కీమో విషయంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. మాత్ర మరిచిపోతే తర్వాతి పూట రెండు వేయడం మొదటిది. మరిచిన డోసును వదిలేసి తర్వాతి వేళకు మామూలుగానే వేయాలి, వేసిన మాత్ర వాంతిలో పోయినా మళ్లీ వేయకూడదు. రెండోది, అరచేతులు మండుతున్నాయనో నీరసంగా ఉందనో ఇంట్లోనే సగానికి తగ్గించుకుని, ఆ మాట డాక్టరుకు చెప్పకపోవడం. అప్పుడు స్కాన్‌లో గడ్డ పెరిగితే, మందే పనిచేయలేదని డాక్టరు జతను మార్చేస్తారు. నిజానికి లొంగే మందు అందుబాటులో ఉండగానే చేజారిపోతుంది. అలాగని బాధను భరించమనీ కాదు. మామూలు కంటే రోజుకు నాలుగు విరేచనాలు ఎక్కువైనా, నోరు పూసి తినలేకపోతున్నా అదే రోజు ఫోను చేయండి. ఆపమంటారో తగ్గించమంటారో డాక్టరు చెబుతారు. కొందరిలో కాపెసిటబిన్‌ను విరిచే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది, వాళ్లకు మొదటి సైకిల్‌లోనే తీవ్రమైన బాధ వస్తుంది కాబట్టి ఆ సైకిల్‌ను మరింత శ్రద్ధగా కనిపెట్టి ఉండాలి.

వంటలో వేసే పసుపు, అల్లం, మిరియాలు మానవలసిన పని లేదు. పసుపు సారాన్ని బిళ్ళలుగా అమ్మే డబ్బాలు, గ్రీన్ టీ సారం, పేరు లేని పొడులు మాత్రం వద్దు. గ్రీన్ టీలోని ఒక పదార్థం ఎముక మజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్‌కు ఇచ్చే బోర్టెజోమిబ్‌ను అంటిపెట్టుకుని పనిచేయనివ్వదని ప్రయోగశాలలో తేలింది. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఇచ్చే ఇమాటినిబ్ వంటి మాత్రలు వాడేవారు పంపరపనస పండుకు దూరంగా ఉండాలి. పేగులో మందును విరిచే ఎంజైమును ఆ జాతి పండ్లు అణచివేస్తాయి. క్యాన్సర్‌ను తగ్గిస్తుందంటూ వాట్సాప్‌లో తిరిగే కుక్కల నులిపురుగుల మందు గురించి ఇప్పటికి చాలామంది నన్ను అడిగారు. దాన్ని కీమోతో కలిపి మింగితే కాలేయం దెబ్బతిని, అసలు కీమోనే ఆపవలసి రావచ్చు.

మందుకు లొంగనప్పుడు

గడ్డ పెరిగిందని స్కాన్ చెప్పినప్పుడు, ముందుగా మందు నిజంగా అందిందా అన్నది నోటుబుక్కుతో సరిచూడండి. అందినా లొంగకపోతే దానికి కారణాలు చాలా ఉంటాయి. 1976లో జులియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు కణం గోడలో మందును బయటికి తోడేసే పంపు లాంటి ప్రోటీనును గుర్తించారు. విన్‌క్రిస్టిన్, డాక్సోరూబిసిన్, పాక్లిటాక్సెల్ వేరువేరు మందులే అయినా ఈ ఒక్క పంపు మూడింటినీ తోడేయగలదు. కనుక ఒకటి విఫలమైతే దాని పోలికే ఉన్న మరొకటి ఇవ్వడం వల్ల ప్రయోజనం లేకపోవచ్చు. ఆ పంపును మూసేయడానికి బీపీ మందు వెరపామిల్ మొదలుకొని ఎన్నో మందులను ప్రయత్నించారు. గాజు గిన్నెలోని కణాల్లో అవి బాగా పనిచేశాయి, మనుషుల్లో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు, పైగా కీమో విషం మంచి అవయవాల్లో పేరుకుంది. వెరపామిల్ కలిపితే కీమో బాగా పనిచేస్తుందని ఎక్కడైనా చదివితే, ఆ కథ ముగిసిన తీరు కూడా తెలిసి ఉండాలని ఇది చెబుతున్నాను.

లొంగకపోవడానికి కారణం కచ్చితంగా దొరికే జబ్బులూ ఉన్నాయి. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో ఇమాటినిబ్ పనిచేయనప్పుడు జన్యుపరీక్షలో టీ315ఐ అనే మార్పు కనిపిస్తే, డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనికిరావు, పొనాటినిబ్ వంటిది కావాలి. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో గెఫిటినిబ్‌కు లొంగని కణాల్లో టీ790ఎం మార్పు ఉంటే ఒసిమెర్టినిబ్ పనిచేస్తుంది. అందువల్ల మందు మార్చే ముందు మళ్లీ ముక్క పరీక్ష (బయాప్సీ) గానీ జన్యుపరీక్ష గానీ చేయడం వల్ల ఉపయోగం ఉంటుందా, కొత్త జత పాత దానికి భిన్నమైన దారిలో పనిచేస్తుందా, దాని వల్ల ఆశించేది జబ్బు నయం కావడమా లేక బాధ తగ్గి కొంతకాలం నెమ్మదిగా గడవడమా అని సూటిగా అడగండి. చివరి ప్రశ్న అడగడానికి నోరు రాదని నాకు తెలుసు. అయినా పొలం తాకట్టు పెట్టే ముందు ఆ జవాబు వినే హక్కు ఇంటివాళ్లకు ఉంది.

చికిత్స ముగిశాక నోటుబుక్కును అటక మీద పడేయకండి. ఎక్కించిన డాక్సోరూబిసిన్ మొత్తం ఎంతో కూడి చివరి పేజీలో రాయించుకోండి. జీవితకాలంలో అది చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. సైకిల్‌కు 60 చొప్పున నాలుగు సైకిళ్లు తీసుకున్నవారికి అప్పటికే 240 అయినట్టు. పదేళ్ల తర్వాత మరో ఊళ్లో, మరో డాక్టరు కొత్త జత కూర్చవలసి వస్తే ఆ అంకె మీదే నిర్ణయం ఆధారపడుతుంది. ఆసుపత్రి యంత్రాల్లో వచ్చే నున్నటి కాగితం మీది అచ్చు ఒకటి రెండు ఎండాకాలాలకే వెలిసిపోతుంది కాబట్టి, డిశ్చార్జి కాగితాలను, బిల్లులను వెంటనే జిరాక్సు తీయించి, ఆ జిరాక్సులనే నోటుబుక్కులో అంటించండి.